డూమ్ పెట్రోల్ (1963–95): ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి? వింత పాత్రలు, తప్పక చదవాల్సిన సంచికలు

కొత్తపుట
నమస్తే అందరికీ. అమెరికా కామిక్స్ కంపెనీ డీసీ వేసిన సూపర్ హీరోల జట్టు కథ డూమ్ పెట్రోల్ చదవడం మొదలుపెడదామనుకుంటున్నా. ఎవర్ని అడిగినా "గ్రాంట్ మారిసన్ రాసిన 19వ సంచిక నుంచి చదువు, వెనకది అక్కర్లేదు" అంటున్నారు. నిజంగా అక్కర్లేదా? రచయితలు, బొమ్మలు వేసేవాళ్లు ఎక్కడెక్కడ మారారు? మారినప్పుడు పాత్రలకు ఏమైంది? పాతవాటిలో ఏవి వదలకూడదు? సంచిక నంబర్లతో చెబితే పుణ్యముంటుంది. కథ గుట్లు బయటపడినా పర్వాలేదు.

గళ్ల_అట్ట
వెనకది అక్కర్లేదన్నవాళ్లు మారిసన్‌ని సగమే చదివినట్టు. ఎందుకో తర్వాత చెబుతా, ముందు దారి చూపిస్తా.

మొదలు డూమ్ పెట్రోల్ పేరుతో కాదు. "మై గ్రేటెస్ట్ అడ్వెంచర్" అని సాహస కథల కదంబం ఒకటి ఉండేది. దానికి కొత్త ఊపు కావాలని ఎడిటర్ ముర్రే బోల్టినాఫ్ అడిగితే ఆర్నాల్డ్ డ్రేక్ ఈ జట్టును తయారుచేశాడు. గడువు దగ్గరపడటంతో మొదటి కథకు బాబ్ హేనీ సాయం పట్టాడు. బొమ్మలు బ్రూనో ప్రెమియానీవి. అట్ట మీద తేదీ 1963 జూన్, సంచిక 80. పత్రిక పేరే డూమ్ పెట్రోల్‌గా మారింది 86వ సంచికలో, 1964 మార్చిలో. అక్కణ్నుంచి 1968 సెప్టెంబర్-అక్టోబర్ నాటి 121 దాకా కథ డ్రేక్‌దే, బొమ్మలు దాదాపు అన్నీ ప్రెమియానీవే. ఆ రోజుల్లో ఒక జోడీ అయిదేళ్లు అలా నిలబడటం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత 1973లో 122, 123, 124 అని మూడు వచ్చాయి. అవి పాత కథల రీప్రింట్లు, కొత్త కథ ఆశించి కొనొద్దు. 1977లో "షోకేస్" అనే డీసీ పత్రికలో 94 నుంచి 96 దాకా పాల్ కుప్పర్‌బర్గ్ రాత, జో స్టేటన్ బొమ్మలతో కొత్త జట్టు. 1987 అక్టోబర్ తేదీతో మళ్లీ 1వ సంచిక, రచయిత కుప్పర్‌బర్గే. బొమ్మలు మొదట స్టీవ్ లైటిల్, 6 నుంచి ఎరిక్ లార్సెన్. 1989 ఫిబ్రవరిలో 19వ సంచిక నుంచి మారిసన్, రిచర్డ్ కేస్. 1993 జనవరిలో 63తో మారిసన్ ముగించాడు. 64 నుంచి రేచల్ పొలాక్, 1995 ఫిబ్రవరిలో 87తో పత్రిక ఆగిపోయింది.

మధ్యలో 1981 చివర, 1982 మొదట్లో డీసీ వాళ్ల మరో పత్రిక "న్యూ టీన్ టైటాన్స్"లో వచ్చిన 13–15 కూడా కలుపుకోండి. 121లో జట్టును చంపినవాళ్ల లెక్క తేలేది అందులోనే.

సిరాచుక్క
గళ్ల_అట్ట గారు ఇచ్చిన దారికి ఒక చిట్కా. పాత డూమ్ పెట్రోల్ ఏడాదికి 8 సంచికలే. ఫిబ్రవరి, మార్చి, మే, జూన్, ఆగస్టు, సెప్టెంబర్, నవంబర్, డిసెంబర్. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ తేదీలతో సంచిక ఉండదు. నంబర్ తెలిస్తే నెల వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేయొచ్చు. 86 అంటే 1964 మార్చి, 88 జూన్, 89 ఆగస్టు, 99 అంటే 1965 నవంబర్. ఈ వరస 120 దాకా తప్పలేదు. 121 ఒక్కటే రెండు నెలల తేదీతో, ఆలస్యంగా వచ్చింది. పత్రిక ఊపిరి అందడం లేదని ఆ తేదీయే చెబుతుంది.

అట్ట పైన నలుపు తెలుపు గళ్ల పట్టీ ఉంటే అది 1966 ఫిబ్రవరి నుంచి 1967 ఆగస్టు మధ్యలోది. డీసీ పుస్తకాలన్నిటికీ అప్పుడు అదే అలంకారం. డూమ్ పెట్రోల్‌లో 101వ సంచికతో మొదలవుతుంది. అట్టలు చిరిగిన కట్టలో కాలం గుర్తుపట్టడానికి పనికొస్తుంది.

రేకుమనిషి
అన్నలు తేదీలు మంచిగ చెప్పిన్రు. నేను పాత్రల గురించి చెప్త, అసలు మజా అక్కడ ఉన్నది.

క్లిఫ్ స్టీల్ రేసు కారు డ్రైవర్, ప్రమాదంల ఒళ్లంత పోయి మెదడు ఒక్కటే మిగిలితే దాన్ని లోహపు బొమ్మల పెట్టిన్రు. ల్యారీ ట్రెయినర్ టెస్ట్ పైలట్. ఒళ్లంత కట్లు, లోపల్నుంచి ఒక నల్లటి శక్తిరూపం బయటికొస్తది. రీటా ఫార్ సినిమా నటి, కావాల్నంటే కొండంత పెరుగుతది, చీమంత అవుతది. వీళ్లను చేరదీసినాయన చీఫ్, చక్రాల కుర్చీల కూసొని నడిపిస్తడు. ఆయన పేరు నైల్స్ కాల్డర్ అని 88ల గాని తెల్వదు.

అప్పటిదాంక సూపర్ హీరో అంటే అందరు చప్పట్లు కొట్టెటోడు. వీళ్లు జనం చూసి జడుసుకునేటోళ్లు. తమకొచ్చిన శక్తిని తామే శాపం అనుకునేటోళ్లు. డ్రేక్ మాటలు రాసేటప్పుడు క్లిఫ్ నోట్లె ఎప్పుడు ఒక చేదు ఉంటది, ల్యారీతోని తగువు పెట్టుకుంటడు, చీఫ్ మీద గయ్‌మంటడు. ఆ తగువుల్నే జట్టు మీద మనకు నమ్మకం పుడ్తది.

ల్యారీ సంగతి దగ్గర్నుంచి చూడుండ్రి. ఆ శక్తిరూపం 60 సెకన్లకంటె ఎక్కువసేపు బయట ఉంటే ల్యారీ చచ్చిపోతడు. బయటికి పంపినంతసేపు ఒళ్లు చచ్చుబడి పడి ఉంటది, ఎవడన్న తన్నినా లేవలేడు. డ్రేక్ కథలకు ఇది ఇంజన్ లెక్క పనిచేస్తది. ఒక ప్యానెల్‌ల, అంటె ఒక బొమ్మ గడిల, బయటికి పోతది, రెండో దాంట్ల పని, మూడో దాంట్ల "ఇంకా 20 సెకన్లే" అని గుర్తుచేస్తడు, నాలుగో దాంట్ల అడ్డు పడ్తది. అరపేజీలనే ఉత్కంఠ తయారు. మీరు చదివేటప్పుడు సెకన్లు ఎక్కడెక్కడ చెప్పిండో పెన్సిల్‌తోని గీత పెట్టుకోండ్రి, రాసెటోని పనితనం కండ్లకు కనపడ్తది.

రాసెటోడు మారంగనే ఈ గడియారమే పోయింది. 1977ల కుప్పర్‌బర్గ్ పెట్టిన వాలెంటీనా వోస్టాక్‌ల శక్తి బయటికి పోదు, ఆమె ఒళ్లే శక్తిరూపంగ మారుతది. వెనక ఏ ఒళ్లు పడి ఉండదు, ఎవరికి భయం లేదు. అందుకె ఆ కథలల్ల లాగుడు తక్కువ. మారిసన్ వచ్చినంక ల్యారీ, డాక్టర్ ఎలినర్ పూల్, ఆ శక్తి మూడు కలిపి "రీబిస్" అని ఒకే జీవిని చేసిండు. ఆడ కాదు మగ కాదు. ఒకటే ఆలోచన, ముగ్గురి చేతులల్ల మూడు పాత్రలు.

కొత్తపుట
ఇది నాకు తెలియని కోణం. మరి విలన్లు? అసలు వింత వాళ్లలోనే ఉందని విన్నా.

గళ్ల_అట్ట
ఉంది. వింతలో కూడా రెండు రకాలు, వాటిని విడదీసి చూడాలి.

89వ సంచికలో వచ్చే యానిమల్-వెజిటబుల్-మినరల్ మ్యాన్‌ని తీసుకోండి. స్వెన్ లార్సెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, తన ఆవిష్కరణను చీఫ్ దొంగిలించాడని పగ. అమైనో ఆమ్లాల తొట్టిలో పడి జంతువుగానో, చెట్టుగానో, ఖనిజంగానో మారే శక్తి తెచ్చుకుంటాడు. పేరు వింటే పిల్లల ఆట. కానీ ప్రెమియానీ బొమ్మల్లో ఎక్కడా వెటకారం కనిపించదు. ఇటలీలోని ట్రియెస్టేలో పుట్టి అర్జెంటీనాలో స్థిరపడిన మనిషి, పాత పుస్తకాల్లో వేసే బొమ్మల పద్ధతి ఆయనది. సన్నని గీతల మీద గీతలు, మామూలు మనుషుల కొలతలు, బట్టలకు నిజమైన ముడతలు. ఎంత అసాధ్యమైన రూపాన్నైనా కళ్లముందున్న దాన్ని చూసి వేసినట్టు వేస్తాడు. వింత నిలబడిందంటే అందుకే. అదే స్క్రిప్టును కార్టూన్ చేతికిస్తే నవ్వి పేజీ తిప్పేస్తాం.

రెండో రకం బ్రదర్‌హుడ్ ఆఫ్ ఈవిల్, 86వ సంచిక. నాయకుడు సీసాలో బతికే మెదడు, పేరు కూడా "ది బ్రెయిన్". కుడిభుజం మాన్సియర్ మల్లా, 178 ఐక్యూ ఉన్న గొరిల్లా, ఫ్రెంచి యాసలో మాట్లాడతాడు. తోడు మదాం రూజ్. ఇక్కడ వింతకు అర్థం ఉంది: అటు చీఫ్ చేతిలో లోహపు ఒంట్లో ఉన్న మెదడు క్లిఫ్, ఇటు ఒళ్లే లేని మెదడు. శత్రువు మన జట్టుకే అద్దం. 1990లో 34వ సంచికలో మారిసన్ ఈ అద్దాన్నే పట్టుకున్నాడు. బ్రెయిన్‌ని క్లిఫ్ లోహపు ఒంట్లోకి ఎక్కిస్తాడు. పాతికేళ్లకు పైగా సీసా పక్కన కాపలా ఉన్న మల్లా, బ్రెయిన్ ఒకరి మీద ఒకరికున్న ప్రేమ చెప్పుకుంటారు, అక్కడే పేలిపోతారు. 86 చదవనివాళ్లకు అదొక విచిత్రమైన ముద్దు. చదివినవాళ్లకు గుండె పట్టేస్తుంది.

పాత_కాయితం
గళ్ల_అట్ట గారి మాటకు కొనసాగింపుగా, మారిసన్‌కు ముందు తప్పనిసరిగా చదవాల్సినవి ఇవి.

86. ఇందులో బ్రదర్‌హుడ్‌లో చేరాలని ఆశపడే మోర్డెన్ అనే చిన్న పాత్ర ఉంది. ఒక పెద్ద మరమనిషితో వచ్చి భంగపడతాడు, అంతే. డ్రేక్ మళ్లీ వాడుకోలేదు. 1989 సెప్టెంబర్ నాటి 26వ సంచికలో మారిసన్ అతన్నే తెచ్చి "మిస్టర్ నోబడీ" చేశాడు. బ్రదర్‌హుడ్ ఆఫ్ డాడా నాయకుడు ఇతనే. ఆ ముఠాలో "ది క్విజ్" అనే ఆమెకు, ఎదుటివాళ్లు తలచుకోని శక్తి ప్రతి ఒక్కటీ ఉంటుంది. ఆమెతో పోరాడాలంటే శక్తుల పేర్లు వరసగా తలచుకుంటూ పోవాలి, తలచుకున్నవి ఆమెకు పనిచేయవు. 26 నుంచి 29 దాకా వీళ్లు పారిస్ నగరాన్ని ఒక చిత్రపటంలోకి లాగేస్తారు.

88. చీఫ్ పుట్టుక. తెలియక జనరల్ ఇమ్మోర్టస్ డబ్బుతో పరిశోధన చేయడం, ఒంట్లో బాంబు పెట్టడం, అది తీయించుకునే క్రమంలో కాళ్లు చచ్చుబడటం. చీఫ్ మీద జాలి కలిగేలా రాసిన కథ. 1992లో వచ్చిన 57లో మారిసన్ ఈ జాలినే తలకిందులు చేశాడు. క్లిఫ్‌కు, ల్యారీకి, రీటాకు జరిగిన ప్రమాదాలు ప్రమాదాలు కావు, చీఫే చేయించాడు. 88 చదివి 57కు వస్తే మోసపోయింది క్లిఫ్ ఒక్కడే కాదు, మీరూనూ.

121. చివరిది. జర్మన్ జలాంతర్గామి నడిపిన జాల్, మదాం రూజ్ కలిసి జట్టును ఒక దీవిలో ఇరికిస్తారు. కాడ్స్‌విల్ అనే జాలర్ల పల్లెలో 14 మంది. పేలాల్సింది ఈ దీవినా, ఆ పల్లెనా మీరే చెప్పండంటారు. ముక్కూమొహం తెలియని 14 మంది కోసం నలుగురూ దీవినే ఎంచుకుంటారు. అప్పట్లో ఒక పత్రిక మూసేస్తూ ముఖ్యపాత్రలన్నిటినీ చంపడం కనీవినీ ఎరగనిది.

వీలైతే 91 (మెంటో రాక), 99 (బీస్ట్ బాయ్ మొదటిసారి), 104 (రీటా పెళ్లి) కూడా చూడండి. ఇవి లేకపోయినా దారి తప్పరు.

సిరాచుక్క
121 గురించి ఒక మాట. ఆ సంచిక మొదట్లో, చివర్లో ఎడిటర్ బోల్టినాఫ్, ప్రెమియానీ స్వయంగా పాత్రలుగా కనిపించి పాఠకులతో మాట్లాడతారు. డ్రేక్ తన్ను కూడా ఆ సన్నివేశంలో రాసుకున్నాడు. ఈలోగా కంపెనీతో చెడి బయటికి వెళ్లిపోవడంతో ఆయన బొమ్మ పేజీలో లేదు. జట్టును పుట్టించినవాడు, చంపినవాడు కూడా ఆయనే, వీడ్కోలు చెప్పేచోట మాత్రం ఆయన లేడు. రచయిత మారడమంటే అట్ట మీద పేరు మారడం మాత్రమే కాదని ఆ పేజీ చూస్తే తెలుస్తుంది.

రంగులపెట్టె
డ్రేక్ అక్కణ్నుంచి డీసీకి పోటీ కంపెనీ మార్వెల్‌కు వెళ్లి 1968లో ఎక్స్-మెన్ రాశాడు కదా. అసలు ఎక్స్-మెన్ డూమ్ పెట్రోల్‌కు కాపీ అన్నది నిజమేనా? రెండింటిలోనూ చక్రాల కుర్చీ నాయకుడు, జనం వెలివేసిన జట్టు.

గళ్ల_అట్ట
కాపీ అని డ్రేక్ తర్వాతి రోజుల్లో బాహాటంగానే అన్నాడు. నేను మాత్రం క్యాలెండర్ చూసి మాట్లాడాలంటా. అట్ట మీద నెల అమ్మకానికి వచ్చిన నెల కాదు, సుమారు రెండు నెలలు ముందుంటుంది. పుస్తకం షాపులో పాతబడినట్టు కనిపించకూడదని అలా వేసేవాళ్లు. 1963 జూన్ తేదీ ఉన్న 80వ సంచిక ఏప్రిల్‌లో వచ్చింది. సెప్టెంబర్ తేదీ ఉన్న ఎక్స్-మెన్ 1 జూలైలో వచ్చింది. నడుమ సుమారు రెండున్నర నెలలు. కథ, పెన్సిల్, ఇంకు, అక్షరాలు, రంగు, ప్రెస్సు అన్నీ అయ్యేసరికి ఆ సమయం చాలదు. అచ్చులో చూసి కాపీ కొట్టారనడం కష్టం. ఇద్దరికీ పనిచేసే బొమ్మలవాళ్ల నోటి ద్వారా ముందే పొక్కిందంటే కాదనలేం, రుజువూ చేయలేం.

ఇంకో పోలిక చూడండి. డూమ్ పెట్రోల్ 86లో బ్రదర్‌హుడ్ ఆఫ్ ఈవిల్, ఎక్స్-మెన్ 4లో బ్రదర్‌హుడ్ ఆఫ్ ఈవిల్ మ్యూటెంట్స్. రెండింటి మీదా తేదీ 1964 మార్చి. ఒకరిది అచ్చయ్యాక ఇంకొకరు చూసే అవకాశమే లేదు.

రంగులపెట్టె
సరే, ఒప్పుకుంటున్నా. నాకు చేతనైన విషయం చెబుతా: పేరు లేని కథలో ఎవరి చేయో ఎలా గుర్తుపట్టాలి. అప్పట్లో డీసీ అన్ని కథల మీదా పేర్లు వేసేది కాదు. చందమామ చదివినవాళ్లకు ఇది అలవాటే, చిత్రా బొమ్మేదో శంకర్ బొమ్మేదో సంతకం చూడకుండానే చెప్పేస్తారు. అదే కన్ను ఇక్కడా వాడండి.

మొహాలతో మొదలుపెట్టొద్దు. మొహాన్ని ఎడిటర్ దిద్దిస్తాడు, ఇంకర్ (పెన్సిల్ గీతల మీద సిరా దిద్దేవాడు) మార్చేస్తాడు. చేతివేళ్లు, చెవులు, బూట్లు, వెనకాల నిలబడ్డ జనం చూడండి. వాటిని ఎవరూ పట్టించుకోరు కాబట్టి అసలు చేయి అక్కడ మిగులుతుంది. డూమ్ పెట్రోల్‌లో అయితే ల్యారీ కట్లు చాలు. ప్రెమియానీ కట్టు కట్టుగా, గుడ్డ ఎక్కడ ఎక్కింది ఎక్కడ దిగింది అని వేస్తాడు. 1987లో లైటిల్ గీత నగిషీ పనిలా ఉంటుంది, ప్రతి అంచూ తీర్చినట్టు. 6వ సంచికలో లార్సెన్ రాగానే నోళ్లు పెద్దవవుతాయి, భుజాలు ఉబ్బుతాయి, మనుషులు ప్యానెల్ గీత దాటి బయటికి దూకుతారు. ఆయన చేయి తక్కువని కాదు, దూకుడున్న చేయి, ఆ కథల మందకొడితనానికి అతకలేదు.

19లో రిచర్డ్ కేస్. గీతలు తగ్గాయి, నలుపు ముద్దలు పెరిగాయి, కోణాలు పదునెక్కాయి. 64 వ్యక్తిత్వాలున్న క్రేజీ జేన్ ఆ సంచికలోనే మొదటిసారి వస్తుంది. కేస్ ఆమెను మాట్లాడకుండా నిలబెట్టినా, ఇప్పుడు లోపల ఎవరున్నారో భుజాల వాలును బట్టి తెలుస్తుంది. చెప్పీచెప్పని బొమ్మలే మారిసన్‌కు కావాల్సింది.

మధ్యలో ఫిల్-ఇన్లు, అంటే కేస్‌కు బదులు వేరేవాళ్లు వేసిన సంచికలు ఉంటాయి, తడబడకండి. 45లో గడ్డాలను వేటాడే "బియర్డ్ హంటర్" కథ విన్సెంట్ జియరానోది. 53 కెన్ స్టేసీది, కావాలనే 60ల నాటి జాక్ కర్బీ తరహాలో వేశాడు. కేస్‌కు గడువు ఊపిరి ఇవ్వడానికి పెట్టినవే అయినా, ఎవరి శైలికి ఏ కథ నప్పుతుందో చూసి పెట్టారు.

సిరాచుక్క
దీనికి కాగితం కొలత కూడా కలపాలి. 1967 ప్రాంతం దాకా అమెరికా కామిక్స్ బొమ్మ గీసేది సుమారు 12½ × 18½ అంగుళాల జాగాలో. తర్వాత 10 × 15కు తగ్గించారు. పెద్ద కాగితం మీద ప్రెమియానీ వేసిన సన్నగీతలు కుదించి న్యూస్‌ప్రింట్ మీద అచ్చేస్తే ఒకదానికొకటి అంటుకుని మసిలా మారతాయి. నాసి ప్రతిలో రీటా జుట్టు నల్లటి ముద్దలా కనిపిస్తే తప్పు ఆయనది కాదు, సిరా పీల్చేసిన కాగితానిది. చిన్న కాగితం వచ్చాక చాలామంది దూరపు దృశ్యాలు తగ్గించి మనుషుల్ని దగ్గరగా వేయడం మొదలుపెట్టారు.

రంగు సంగతీ అంతే. ఎరుపు, పసుపు, నీలం ఒక్కోటి 25, 50, 100 శాతం, లేదా అసలు లేకుండా. నాలుగు నాలుగులు పదహారు, మళ్లీ నాలుగులు 64. రంగులు వేసేవాడి చేతిలో ఉన్నవి ఆ 64 రంగులే. క్లిఫ్ ఒళ్లు ఇనుము రంగులో కాక కంచు రంగులో ఎందుకుంటుందని అడుగుతుంటారు. బూడిద రంగు ఈ మూడిటితో కలిపితే ప్రెస్సులో ఒక్కోసారి ఊదాకు, ఒక్కోసారి ఆకుపచ్చకు జారిపోతుంది. కంచు రంగు నిలబడుతుంది, అందుకే కావచ్చు.

కొత్తపుట
మరి ఏ రూపంలో చదవాలి? విడి సంచికలు దొరకడం కష్టం కదా.

పాత_కాయితం
1963–68 కథలకు రంగుల్లో ఆర్కైవ్స్ 5 సంపుటాలున్నాయి. "షోకేస్ ప్రెజెంట్స్" పేరుతో నలుపు తెలుపులో 2 సంపుటాలు. మొదటిది 80 నుంచి 101, రెండోది 102 నుంచి 121. నన్నడిగితే నలుపు తెలుపువే మేలు. ప్రెమియానీ గీత ఏ రంగూ అడ్డం లేకుండా కనిపిస్తుంది.

ఒక లోటు మాత్రం ఉంది. సంపుటాల్లో ప్రకటనలు, ఉత్తరాలు ఉండవు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ మారిసన్ కథల్లోని కండల వీరుడు ఫ్లెక్స్ మెంటాలో దగ్గర దెబ్బకొడుతుంది. ఆ కాలపు కామిక్స్ వెనక పేజీల్లో చార్లెస్ అట్లాస్ వ్యాయామ కోర్సు ప్రకటన ఉండేది. సముద్రపు ఒడ్డున బక్కపలచని కుర్రాడి మొహాన ఇసుక తన్నుతారు, వాడు కోర్సు చేసి కండలు పెంచి తిరిగొచ్చి బదులు తీర్చుకుంటాడు. 42వ సంచికలో ఫ్లెక్స్ పూర్వకథ అచ్చం ఆ ప్రకటనే, ప్యానెల్ తర్వాత ప్యానెల్. అసలు ప్రకటన చూడనివాళ్లకు చిరుతపులి చర్మం చడ్డీ ఎందుకు వేసుకున్నాడో అర్థం కాదు. అందుకని 60ల నాటి చౌక సంచిక ఏదైనా ఒకటి, అట్ట పోయినదైనా సరే, ప్రకటనల కోసం చేతిలో పట్టుకుని చూడండి.

ఆ పోలిక మీద అట్లాస్ కంపెనీ దావా వేసింది, 2000లో కోర్టు కొట్టేసింది. 1996లో విడిగా వచ్చిన ఫ్లెక్స్ కథ పుస్తకంగా రావడానికి 2012 దాకా పట్టింది.

రేకుమనిషి
మధ్యల 1977–88ను అందరు తొక్కేసి పోతున్నరు. గది న్యాయం కాదు. కుప్పర్‌బర్గ్ పెట్టిన సెల్సియస్ మన దేశపు పాత్ర. పేరు అరానీ దేశాయ్, వేడి చలి రెండిటి మీద పట్టు, చీఫ్ భార్యనంటది. 1977ల అమెరికా కామిక్‌ల ఒక భారతీయ స్త్రీ జట్టును నడిపించుడు మామూలు ముచ్చట కాదు. "ఇన్‌వేజన్" అని 1988ల వచ్చిన పెద్ద కథల ఆమెను చంపిన్రు. కొత్త రచయితకు జాగ చెయ్యాలె, అందుకె 18 నాటికి ఒకర్ని చంపుడు, ఒకర్ని కోమాల పడేసుడు. టెంపెస్ట్ అనే జాషువా క్లే మాత్రం మారిసన్ కథల డాక్టర్‌గ మిగిలిండు. డొరతీ స్పిన్నర్ అనే పిల్ల మారిసన్ పుట్టించిందనుకుంటరు. కాదు, ఆమె 14లనే ఉన్నది. కోతి మొహం, ఊహించిందల్ల నిజమైతది. మారిసన్ ఆ పిల్లను పట్టుకొని ఎంత దూరం తీసుకపోయిండో చూడుండ్రి. ముందోళ్లు వదిలేసిన ముక్కను ఏరుకునుడు, దాన్ని పెద్దది చేసుడు, ఈ పత్రికల మంచి రచయిత పని అదే.

రంగులపెట్టె
మరి పొలాక్? 64 తర్వాత పడిపోయిందంటారు.

గళ్ల_అట్ట
ఆ మాట నేను ఒప్పుకోను. 64తో పత్రిక, పెద్దవాళ్ల కథల కోసం డీసీ పెట్టిన వర్టిగో ముద్ర కిందికి వచ్చింది, మొదట కొన్నిటికి బొమ్మలు కేస్‌వే కాబట్టి చూపుకు మార్పు తెలియదు. పొలాక్ టారో విద్యలో (బొమ్మల చీట్లతో జోస్యం) పేరున్న రచయిత్రి, ఆమె వింత ఆ లోకం నుంచి వస్తుంది. మారిసన్ వింత చిత్రకళలోంచి, డాడా అనే కళా ఉద్యమం నుంచి వచ్చినది. మారిసన్ చదివిన ఊపులో వెంటనే 64 తెరిస్తే రుచి తేడా కొడుతుంది. నాలుగు రోజులు ఆగి తెరవండి. 70లో వచ్చే కేట్ గాడ్విన్, అంటే కోయాగ్యులా, ట్రాన్స్ మహిళ. కరిగించడం, గడ్డకట్టించడం ఆమె శక్తులు, రసవాదంలోని రెండు క్రియలు. అప్పటి కామిక్స్‌లో అలాంటి పాత్రను జాలికో నవ్వుకో కాక హీరోగా నిలబెట్టినవాళ్లు అరుదు. చీఫ్ ఇక్కడ మంచు పళ్లెంలో ఒట్టి తలకాయ. 75 నుంచి టెడ్ మెక్‌కీవర్ బొమ్మలు, గరుకు గీత, ఎముకలు బయటపడ్డ మొహాలు. పొలాక్ కథలకు అసలైన చేయి అదే. ఆరంభం నచ్చకపోతే 75 దాకా ఓపిక పట్టండి.

పాత_కాయితం
విడి సంచికలు కొనేవాళ్లకు రెండు ముక్కలు. లోపల 32 పేజీలుండాలి, మధ్య పిన్నుల దగ్గర తెరిచి 16, 17 పేజీలు ఒకే కాగితమా కాదా చూడండి. నడిమి కాగితం ఊడితే ఒకేసారి 4 పేజీలు పోతాయి, కథ తెగుతుంది. ప్రకటనల కూపన్లు కత్తిరించారేమో ప్రతి ఆకూ వెలుతురుకు పట్టి చూడాలి, కూపన్ వెనక కథ పేజీ ఉంటే అక్కడ కన్నం పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ముందు తుప్పు పట్టేది పిన్నులే. పాలీప్రొపిలిన్ కవరు, ఆమ్లం లేని అట్టముక్క, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు, పొట్లాలను అప్పుడప్పుడు మార్చడం. పెట్టెను నేలకు ఆనించొద్దు, చెదలకు అదే దారి.

సిరాచుక్క
ఇంకొకటి మర్చిపోతున్నారు. 1964 పత్రిక 86 నుంచి 121 దాకా, 1987 పత్రిక 1 నుంచి 87 దాకా. అంటే 86, 87 నంబర్లు రెండేసి ఉన్నాయి. "డూమ్ పెట్రోల్ 86" అని ప్రకటన చూసి డబ్బు కట్టకండి, అట్ట ఫొటో అడగండి. 12 సెంట్లు అని ఉంటే మల్లా, బ్రెయిన్, మోర్డెన్ ఉన్న పాతది. వర్టిగో అని ఉంటే అది పొలాక్, మెక్‌కీవర్‌లది. ఫొటోలో అట్ట సరిగ్గా కనిపించకపోతే మొదటి పేజీ అడుగున సన్నక్షరాల్లో ఉండే ప్రచురణ వివరాల ఫొటో అడగండి, నెల, సంవత్సరం అక్కడ ఉంటాయి.

కొత్తపుట
అయితే 80, 86, 88, 121 ముందు, ఆ తర్వాత టైటాన్స్ 13–15, కుప్పర్‌బర్గ్‌వి ఓసారి తిరగేసి 19. నలుపు తెలుపు మొదటి సంపుటంతో మొదలుపెడుతున్నా. రేకుమనిషి అన్నా, పెన్సిల్ పక్కనే పెట్టుకున్నా, 60 సెకన్లు లెక్కపెడతా.

రేకుమనిషి
మంచిది తమ్మీ. 121 కాడికి వచ్చినప్పుడు ఆఖరు పేజీల ప్రెమియానీ బొమ్మను ఆగి చూడు. పక్కన డ్రేక్ ఉండాల్సిన జాగ అదే.